పెయింట్ పని, తగ్గిన శుక్రకణాల కౌంట్: ఉసిరి రసం చాలా?
తమ్ముడూ, బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలో స్ప్రే పెయింటింగ్ చేస్తూ శుక్రకణాల కౌంట్ తగ్గింది, రోజూ ఉసిరి రసం తాగితే చాలా అని అడిగావు. చాలదు. శుక్రకణం పైపొరలో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వులు ఎక్కువ. పెయింట్‌లో కలిపే థిన్నర్ లాంటి రసాయనాలు దాన్నే దెబ్బతీస్తాయి. ఉసిరిలోని విటమిన్ సి, టమాటాలోని ఎర్ర రంగు పదార్థం లైకోపీన్ ఆ దెబ్బను కొంత ఆపుతాయని ఎలుకల మీద చూశారు. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. టమాటాను నూనెలో మగ్గిస్తే లైకోపీన్ బాగా ఒంటబడుతుంది. అంటే లైకోపీన్ కోసం మన టమాటా పచ్చడే చాలు, ఖరీదైన క్యాప్సూల్స్ దండగ.

ముందు ఆ గుడ్డ మాస్కు పారెయ్. దానికి థిన్నర్ ఆవిరి ఆగదు. కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కు అడుగు. థిన్నర్‌తో చేతులు కడుక్కోవడం మానెయ్. కొత్త కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, కాబట్టి 3 నెలలకు మళ్ళీ టెస్ట్ చేయించు. యూరాలజిస్టుకి మాత్రం రిపోర్టు ఈ వారమే చూపించు.