వెనక చక్రం బేరింగు మార్చే ముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ, మొన్న ఫోన్ల చెప్పినవ్ కదా, జనగాం దాటినంక మీ పాత మారుతి 800ల వెనకనుంచి గూ అని మోత వస్తుంది, స్పీడ్ పెరిగినకొద్ది పెరుగుతుందని. బేరింగే అయ్యుంటది గానీ టైరు వంకరగ అరిగినా గట్లనే మోగుతది, అందుకే సామాను కొనకముందే చూసుకో. బండి కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడ్తది, అప్పుడు మోత ఎక్కువైతే ఎడమదాన్నే అనుమానించు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక జాకీ ఎత్తి కింద స్టాండు పెట్టు, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకు బిడ్డా. హ్యాండ్ బ్రేక్ వదిలి, చక్రాన్ని మీదొక చెయ్యి కిందొక చెయ్యి పట్టి ఊపు, లూజుగ ఆడుతుందేమో చూడు. తర్వాత సస్పెన్షన్ స్ప్రింగు మీద వేళ్లు ఆనించి చక్రం తిప్పు, గరగర ఉంటే చేతికి తెలుస్తది.

డ్రమ్ము, అంటే చక్రం వెనక ఉండే గుండ్రటి బ్రేక్ డబ్బా, బేరింగులు అండ్లనే ఉంటయ్, దాన్ని ఊడదీసుడు పెద్ద పని కాదు, క్యాపు, నట్టు తిరిగిపోకుండ ఆపే కాటర్ పిన్ను, నట్టు, అంతే. అసలు సంగతి కొత్త బేరింగు దించుడు దగ్గర ఉన్నది. నేను పని నేర్చుకునే రోజుల్ల లోపలి రింగు మీద సుత్తెతో కొట్టి దించిన, రెండు నెలలు కూడ ఆగలె, మళ్ల అదే మోత, ఆ ఓనరు ముందట తల ఎత్తలేకపోయిన. ఎందుకంటే డ్రమ్ముల బిగుతుగ కూసునేది బయటి రింగు, నువ్వు లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంత గోలీల మీదికెళ్లి పోయి, అవి నడిచే తొవ్వల కంటికి కనబడనంత గుంటలు పడ్తయ్. బయటి రింగు సైజు పైపు ముక్కనో పాత బేరింగు రింగునో పెట్టి సమానంగ దించు, లేత్ షాపుల ప్రెస్ ఉంటే ఇంక మంచిది. మన ఎండకు డ్రమ్మును జెరసేపు బయట పెడితే కొంచెం అల్కగ దిగుతది.

రెండు బేరింగుల నడుమ స్పేసర్, అంటే వాటిని ఎడంగ ఉంచే చిన్న గొట్టం, మర్చిపోకు, అది లేకుంట నట్టు బిగిస్తే కొత్తయి కూడ నలిగిపోతయ్. గ్రీజు బయటికి కారకుండ ఆపే ఆయిల్ సీలు, కాటర్ పిన్ను కొత్తయే వెయ్యి. బ్రేక్ షూలకు గ్రీజు అంటనియ్యకు.

సగం ధరకిస్తమంటే బేరింగు కొనకు, నకిలీ డబ్బాలు శానా తిరుగుతున్నయ్. ఆదివారం హన్మకొండకు రా, ఆ సైజు పైపు ముక్క నా దగ్గర ఉన్నది, తీస్కపో.