గజ్జల్లో దురద: ఇది సుఖవ్యాధేనా? – సమాధానం

గజ్జల్లో గుండ్రటి మచ్చలు, 3 నెలలుగా దురద, మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే నాలుగు రోజులు హాయి, ఆపగానే రెట్టింపు అన్నారు. సుఖవ్యాధేమో అని టెన్షన్ పడుతున్నారు కదా. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో చర్మం కాస్త మామూలుగా ఉంటే అది చాలావరకు తామరే (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) అండీ.

ముందు ఆ ట్యూబు తిప్పి చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. దురదను అణచేస్తుంది, ఫంగస్ మాత్రం నిమ్మళంగా పాకుతూ ఉంటుంది. నెలల తరబడి రాస్తే తొడల మీద చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు. (నేనూ ఇలాంటి ట్యూబులు నాలుగైదు ఖాళీ చేసినవాణ్ణే.) ఆపాక కొన్నాళ్లు దురద పెరగొచ్చు, భయపడి మళ్లీ అదే రాయకండి.

చర్మ డాక్టరును కలవండి. మచ్చ అంచును గీకి, ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష చేస్తారు, చిన్న పనే. టెర్బినఫిన్, ఇట్రాకోనజోల్ లాంటి ఫంగస్ మాత్రలు సొంతంగా కొనకండి. లివర్ సమస్య ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. మచ్చ మాయమైనా డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు ఆపొద్దు. తువ్వాలు వేరుగా పెట్టుకోండి, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ వైద్యం చేయించాలి, లేకపోతే మళ్లీ మీకే అంటుతుంది.

నొప్పిలేని పుండు, చీము, మూత్రంలో మంట ఉంటే అది వేరే సంగతి, సుఖవ్యాధి కావచ్చు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, పరీక్షలు ఉచితం, వివరాలు గోప్యం. అడగడానికి మొహమాటమైతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.