అమ్మాయికి ర్యాంకు వచ్చింది, ఇంకా సందేహం దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుకు యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చంటున్నారు. కానీ హాస్టల్లో ఉంచాలి. వచ్చే ఏడాది బాబు ఇంటర్ పూర్తవుతుంది, వాడికి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు తీసుకోవాల్సి రావచ్చు. అమ్మాయిని ఊళ్లోనే డిగ్రీలో చేర్పించి, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ చేయిస్తే సరిపోతుందా? ఏది మేలు?
- ఒక తండ్రి

జవాబు: అమ్మాయికి ఏం చదవాలనుందో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. బాబు ఇంకా పరీక్షే రాయలేదు, వాడి సీటుకు డబ్బు పక్కన పెట్టేశారు. ర్యాంకు తెచ్చుకున్న పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'సరిపోతుందా' అంటున్నారు. కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఇదే ప్రశ్న ఎంతోమంది తల్లిదండ్రులు అడుగుతారు. పైకి కోర్సు గురించే అడుగుతారు. లోపల ఉండేది ఆడపిల్లను దూరం పంపాలన్న భయం, పెళ్లి ఖర్చు ఉంది కదా అన్న లెక్క.

ఇక ఆన్‌లైన్ డేటా సైన్స్. 'ఇంట్లోంచే చేయొచ్చు' అన్న మాట మీకు నచ్చినట్టుంది. నాకు భయం వేసేది అక్కడే. గణాంక శాస్త్రం, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్ గట్టిగా రాకుండా కొన్ని నెలల్లో చేతికొచ్చే సర్టిఫికెట్‌ను చూసి ఫ్రెషర్‌కు ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ. పైగా ఇంట్లో చదువు ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. ల్యాప్‌టాప్ తమ్ముడికి కావాల్సి వస్తుంది. చుట్టాలొస్తే లైవ్ క్లాసు ఆపి టీ పెట్టి రమ్మంటారు. ఏడాది తిరిగేసరికి 'ఖాళీగానే ఉంది కదా' అని సంబంధాలు మొదలుపెడతారు. అమ్మాయికి ఆ సబ్జెక్టు మీద ఇష్టముంటే ఇంజినీరింగ్ చదువుతూనే నేర్చుకోవచ్చు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగానే వినొచ్చు. డిగ్రీ కోర్సును నేను తక్కువ చేయడం లేదు. ఆమె కోరి ఎంచుకుంటే అది మంచి దారే. ఇంటికి దగ్గరని మీరు ఎంచితే మాత్రం కాదు.

డబ్బు విషయంలో మీరు అనుకుంటున్నంత భారం లేదు. అమ్మాయికి వచ్చేది కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు. మీ ఆదాయం పరిమితిలో ఉంటే దానికి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు, మొత్తం మీ జేబులోంచే పోవాలి. అంటే మీరు వెనక్కి నెడుతున్న చదువే మీకు చవక! అమ్మాయిలకు సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కూడా ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు ఇస్తారు. ప్రతిభ ఆధారంగా ఎంపికైతే ఏడాదికి రూ.50,000 వస్తుంది. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చో లేదో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ముందే అడగండి.

హాస్టల్ భయం సహజమే, దాన్ని తప్పుపట్టను. అయితే ఊరికే భయపడటం మాని ఒకసారి వెళ్లి చూసి రండి. అమ్మాయిని, వాళ్లమ్మను కూడా తీసుకెళ్లండి. సాయంత్రం చీకటి పడ్డాక బస్టాప్ నుంచి హాస్టల్ గేటు దాకా నడవండి, లైట్లు వెలుగుతున్నాయా చూడండి. బాత్‌రూమ్ గడియలు సరిగ్గా పడుతున్నాయా, రాత్రి జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు, వార్డెన్ అక్కడే ఉంటారా అని సీనియర్ అమ్మాయిలనే అడగండి. వాళ్లు దాచకుండా చెబుతారు. ఇంట్లోంచి వచ్చి అక్కడ నిలదొక్కుకున్న పిల్లలు కళ్ల ముందు కనిపిస్తే మీ బెంగ సగం అక్కడే తగ్గుతుంది. బాబును హాస్టల్లో వేయాల్సి వచ్చినా ఇవన్నీ చూడాల్సినవే.

ఆదాయ, కుల, స్టడీ సర్టిఫికెట్లు ఈ వారమే సిద్ధం చేసుకోండి. మీసేవలో ఆలస్యమైతే వెరిఫికేషన్ రోజు పరుగులు పెట్టాలి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో వరసగా ఇచ్చే జాబితా, నెట్ సెంటర్ అబ్బాయితో పెట్టించకండి. అమ్మాయినే పెట్టనివ్వండి, ఏ కాలేజీ ఎందుకు ముందు పెడుతోందో పక్కన కూర్చుని వినండి. యూనివర్సిటీ కాలేజీ పేరు మొదట పెడితే అడ్డు చెప్పకండి.