నిమ్మలకుంట బొమ్మ అని ప్లాస్టిక్ అంటగట్టారు, బిల్లు లేదు. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కడప. పుణెలో ఉండే మా ఆడపడుచు వస్తే లేపాక్షి చూపించడానికి తీసుకెళ్లాను. అక్కడికి పోయే దారిలో ఒక షాపులో 'తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంటలో చేసిన అసలు తోలు' అని చెబితే హనుమంతుడి లాంప్‌షేడ్ 3,800 రూపాయలకు కొన్నాం. తిరిగొచ్చేటప్పుడు ఇంకో ఊళ్లో ఆమెకు 6 గ్రాముల కెంపుల కమ్మలు కొనిచ్చాను. రెండుచోట్లా నా ఫోన్‌పే నుంచే కట్టాను. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చారు. ఇంట్లో బల్బు పెట్టగానే షేడ్ ఒకపక్క ముడుచుకుపోయి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. కమ్మల మీది హాల్‌మార్క్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే 'ఉంగరం' అని చూపిస్తోంది. లాంప్‌షేడ్ షాపుకు ఫోన్ చేస్తే 'అమ్మిన సరుకు వాపసు తీసుకోం, బోర్డు చూడలేదా' అన్నారు. కొని 19 రోజులైంది. బిల్లు లేదు కాబట్టి వదిలేయమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయొద్దమ్మా. బిల్లు ఇవ్వకపోవడం వాళ్ల తప్పు, దానికి మీరెందుకు టెన్షన్ పడాలి? సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్నే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. మీరు కొన్నట్టు చూపడానికి ఫోన్‌పేలో షాపు పేరు, తేదీ, ఆ చెల్లింపు గుర్తింపు నంబరు (యూటీఆర్) ఉన్నాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి, బ్యాంకులో ఆ నెల స్టేట్‌మెంట్ మీద ముద్ర వేయించుకోండి. ఎస్టిమేట్ కాగితం పారేయొద్దు, దాని మీది చేతిరాత కూడా సాక్ష్యమే. కమ్మలు పెట్టుకునేది మీ ఆడపడుచే అయినా, డబ్బు కట్టింది మీరు కాబట్టి ఫిర్యాదు మీ పేరుతోనే వేయొచ్చు.

వాళ్లు చెప్పే బోర్డు ఇక్కడ పనికిరాదు. రంగు నచ్చలేదని తిరిగిస్తే తీసుకోకపోవచ్చు గానీ, సరుకులోనే లోపముంటే బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందే. అదే చట్టంలో ఉంది. గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన చట్టం మారదు.

లాంప్‌షేడ్ విషయంలో ఒక మాట గట్టిగా చెబుతున్నాను. దాన్ని మళ్లీ బల్బు మీద పెట్టొద్దు. అసలుదో కాదో చూద్దామని మూల కాల్చొద్దు. ముడుచుకుపోయిన చోటు ఫొటో తీసి, డబ్బాతో సహా భద్రంగా పెట్టండి. అవసరమైతే వినియోగదారుల కమిషనే దాన్ని ల్యాబ్‌కు పంపిస్తుంది. నేను నిమ్మలకుంట వెళ్లినప్పుడు ఒకాయన హనుమంతుడి కిరీటానికి రంధ్రాలు కొడుతుంటే పక్కన కూర్చుని చూశాను. వెలుతురు అవతలికి కనబడేంత పలచన చేసిన మేకతోలు, దాని మీద చిన్న ఉలి, ఒక్కో దెబ్బకు ఒక్కో చుక్క. వెలుగుకు ఎత్తిపట్టుకుంటే చుక్కలన్నీ మెరిశాయి గానీ ఏ రెండూ అచ్చంగా ఒకేలా లేవు. తోలు కూడా ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంది. మీ దగ్గరున్న దాంట్లో రంధ్రాలన్నీ మిషన్ కొట్టినట్టు ఒకే సైజులో ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ సంగతీ ఫిర్యాదులో రాయండి.

ఇది మీ 3,800 రూపాయలతో పోయే సంగతి కాదు. ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట వారే తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారు, ఆయనకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. ఆ పేరు చెప్పి వేరే సరుకు అమ్మడం జీఐ చట్టం కింద శిక్షార్హమైన నేరం. ఇలాంటి ప్లాస్టిక్ షేడ్ ఒకటి అమ్ముడుపోయిందంటే, రోజుల తరబడి ఉలి పట్టుకుని కూర్చున్న మనిషికి రావాల్సిన కూలి పోయినట్టే. అందుకే 'నిమ్మలకుంట అని చెప్పి అమ్మారు' అన్న మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే ఉండాలి. (దారిపక్క షాపు బోర్డు మీద 'లేపాక్షి' అని కనబడగానే ప్రభుత్వ హస్తకళల సంస్థ షోరూం అనుకోకండి. ఊరి పేరు ఎవరైనా పెట్టుకుంటారు.)

ఇక కమ్మలు. హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత (అంటే వెయ్యి వంతుల్లో 916 వంతులు బంగారం), అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే నగ గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ, మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మడానికి వీల్లేదు. ఒక నంబరు ఒక నగకే. కమ్మల నంబరు కొడితే ఉంగరం వచ్చిందంటే ఆ ముద్రనే అనుమానించాలి. ఆ స్క్రీన్ ఫొటో తీసి, బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. తర్వాత బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో స్వచ్ఛత పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. 916 అని చెప్పి 875 తేలిందనుకోండి, 6 గ్రాముల మీద దాదాపు పావు గ్రాము బంగారం తక్కువైనట్టు. నిబంధనల ప్రకారం ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చులు మీకు రావాలి. ఆ 6 గ్రాముల్లో కెంపుల బరువు కలిపేశారేమో కూడా తూకం వేయించండి. హాల్‌మార్క్ నగకు ఇచ్చే బిల్లులో బంగారం నికర బరువు విడిగా రాయాలి. బిల్లు ఇవ్వకపోవడానికి కారణం ఇదేనేమోనని నా అనుమానం.

షాపులు రెండు కాబట్టి ఫిర్యాదులూ రెండు వేయాలి, ఒకే కాగితంలో కలపొద్దు. వాళ్లు ఏ జిల్లాలో ఉన్నా, మీరు ఉండేది కడప కాబట్టి కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. రెండేళ్ల గడువు ఉంది. అయితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలాసార్లు అక్కడి నుంచి ఫోన్ వెళ్లగానే షాపువాళ్లు దారికొస్తారు.

రెండేళ్లున్నాయి కదా అని నోటీసు మాత్రం ఆపొద్దు. సరుకులో లోపం ఏమిటి, ఎంత కట్టారు, ఏ తేదీన కట్టారు, డబ్బు వెనక్కి ఇవ్వండి అని ఒక్క పేజీ చాలు. రెండు షాపులకూ విడివిడిగా స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో 19 అయిపోయాయి, రేపే పోస్టాఫీసుకు వెళ్లండి.