నిప్పు రాజేసే ముందు

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో పాత డ్రమ్ము కొని, కన్నాలు పెట్టించి, పెరట్లో మాంసాన్ని పొగలో నిదానంగా ఉడికించే స్మోకర్ తయారుచేశావని అక్కయ్య ఫోన్లో చెప్పింది. మనింట్లో ఇలాంటి పని సొంతంగా చేసేవాడు ఒకడున్నాడని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

డ్రమ్ములో ఇంతకుముందు ఏం పోశారో కనుక్కున్నావా? పురుగుమందుదైతే ఎంత కడిగినా వద్దు, పాతసామాను వాడికిచ్చెయ్. జింకు పూత ఉన్నదీ వద్దు, వేడికి విషపు పొగ వదులుతుంది.

కింది కన్నంలోంచి గాలి లోపలికి పోవాలి, పై కన్నంలోంచి పొగ బయటికి రావాలి. వంట జరుగుతున్నంతసేపూ పైది తెరిచే ఉంచు. మూస్తే పొగ లోపలే మగ్గి మాంసం చేదెక్కుతుంది. వేడి పెంచినా తగ్గించినా కింది కన్నంతోనే. బొగ్గులన్నీ ఒకేసారి రాజేయకు. చల్లటి బొగ్గుల మీద గుప్పెడు నిప్పులు వేస్తే, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ గంటల తరబడి కాలతాయి. డ్రమ్ములో వేడి 110, 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిస్తే చాలు. వేడి ఎక్కాక దించడం కష్టం, అందుకని 100 దాటుతుండగానే కింది కన్నం సగం మూయి. తెల్లటి చిక్కటి పొగ పల్చబడేదాకా ముక్క పెట్టకు. మాటిమాటికీ మూత తీశావంటే గాలి దూరి నిప్పు రెచ్చిపోతుంది. కోడి ముక్క మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 74 డిగ్రీలు చూపిస్తేనే తీయి.

ఇప్పుడు అసలు సంగతి. అప్పుడు నీకు రెండేళ్లు. గుంటూరులో మా పెరట్లో కుంపటి మీద కోడి కాల్చాం. ఇంతలో వాన పట్టుకుంది. బొగ్గులు తడిసిపోతాయని, నిప్పు మీద బూడిద కప్పి కుంపటిని వంటింట్లోకి తెచ్చాను. మంట లేదు, పొగ లేదు, ఆరిపోయిందనుకున్నాను. పక్కగదిలో నువ్వూ అక్కయ్యా పడుకున్నారు. జల్లు కొడుతోందని కిటికీలు మూసింది కూడా నేనే. అర్ధరాత్రి అక్కయ్య తల పగిలిపోతోందంటూ లేచి, నిలబడలేక గోడ పట్టుకుని కేకేసింది. నిన్ను ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. వానలోనే వీధిలోకి పరిగెత్తాను. చల్లగాలి తగిలాక వాంతి చేసుకుని ఏడ్చావు. ఆ ఏడుపు వినేదాకా నా ప్రాణం నాలో లేదురా. ఆసుపత్రిలో మీ ఇద్దరికీ తెల్లవార్లూ ఆక్సిజన్ పెట్టారు. గాలి చాలని నిప్పులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ డాక్టరు చెబితేనే తెలిసింది. అక్కయ్య ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. నీకూ చెప్పి ఉండదు.

వాన వచ్చినా, చుట్టాలు వచ్చినా, ఆ డ్రమ్ము వరండాలోకి కూడా రాకూడదు. పనయ్యాక రెండు కన్నాలూ మూసి పెరట్లోనే వదిలెయ్. మర్నాడు బూడిద మీద నీళ్లు చల్లి ఇనప బకెట్లోకి తీయి. ప్లాస్టిక్ సంచిలో పోశావో, చెవి మెలేస్తాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కుతాను. ఎండిన తుమ్మబొగ్గులు నేనే తెస్తాను. అప్పటిదాకా అగ్గిపుల్ల గీయకు నాన్నా.

మామయ్య