పొట్ట పెరిగిందని మాత్రలు మానొద్దు తమ్ముడూ

16 ఏళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటున్నానని, బుగ్గలు పీక్కుపోయి పొట్ట ముందుకొచ్చిందని, ఇక మానేస్తానని రాశావు. మానొద్దు.

బుగ్గలు ఎక్కువగా పాత హెచ్‌ఐవీ మందు స్టావుడిన్ వల్లే పోతాయి. 2009లోనే డబ్ల్యూహెచ్‌వో దాన్ని క్రమంగా ఆపమంది. నా బుగ్గలూ మళ్లీ పూర్తిగా నిండలేదు, అద్దంలో చూసుకుంటే ఇప్పటికీ బాధే.

పొట్ట సంగతి వేరు. ఇప్పటి మందు డోలుటెగ్రావిర్‌తో కొందరు బరువు పెరుగుతారు. వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడనంత తగ్గినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. పేగుల చుట్టూ చేరే కొవ్వు దాన్ని ఎగదోస్తుంది, దెబ్బ గుండెకి. మాత్రలు ఆపితే ఇంకా ప్రమాదమని 2006లోనే స్మార్ట్ అధ్యయనం తేల్చింది.

ఈసారి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి మందులకెళ్లినప్పుడు షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు అడుగు. నలభై దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించీ అడుగు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై చేసిన 2023 రిప్రీవ్ అధ్యయనంలో పిటావాస్టాటిన్ అనే స్టాటిన్‌తో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడువు.