జీతం వద్దన్న రెజిమెంటు: చరిత్ర రాయబోతున్న అమ్మాయికి లేఖ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన ప్రణాళిక రెండూ అందాయి. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ఒక స్వచ్ఛంద పదాతి రెజిమెంటు చరిత్రను తెలుగులో రాయాలని నీకు తోచడం, అందుకు నల్లజాతి సైనికులతో ఏర్పడిన మసాచుసెట్స్ 54వ రెజిమెంటును ఎంచుకోవడం నాకెంతో సంతోషం కలిగించాయి. బోస్టన్‌లో ఉన్నావు కనుక పత్రాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. పాత దస్త్రాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. ముందుగా ఒక అభ్యంతరం ఉంది.

నీ ప్రణాళికలో సగానికి పైగా వాగ్నర్ కోట మీద, అంటే సౌత్ కరొలైనాలో చార్లెస్టన్ రేవు దగ్గర విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేన చేతిలో ఉన్న కోట మీద, జరిగిన దాడికే పోయింది. ఆ తర్వాతి రెండేళ్లను ఒక చిన్న అధ్యాయంలో ముగించేశావు. అందరూ చేసేది ఇదే. వాగ్నర్ దాడి ఒక్క సాయంత్రం జరిగింది. ఆ రెజిమెంటు సైనికులు తక్కువ జీతం తీసుకోబోమని పట్టుబట్టి, పైసా ముట్టుకోకుండా పనిచేసింది దాదాపు ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరను వెన్నెముకగా పెట్టుకుని రాయమని నా సలహా. అలా చేస్తే వాగ్నర్ ప్రాధాన్యం ఏమీ తగ్గదు. ఆ కోట గోడ ఎక్కినవాళ్లు ఎలాంటి మనుషులో పాఠకుడికి అప్పుడే తెలుస్తుంది.

స్వచ్ఛంద రెజిమెంటు అంటే ఏమిటో మొదటే వివరించు. మన పాఠకులకు సైన్యం అంటే కేంద్ర ప్రభుత్వానిదే. అక్కడ అలా కాదు. రెజిమెంటును రాష్ట్రం కూడగట్టేది, అధికారులను గవర్నర్ నియమించేవాడు, ఆ తర్వాత దాన్ని కేంద్ర సైన్యంలోకి తీసుకునేవారు. 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ బానిసల విమోచన ప్రకటన వెలువడింది. అదే నెలలో మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ నల్లజాతివారితో ఒక రెజిమెంటు ఏర్పాటు చేసేందుకు అనుమతి సంపాదించాడు. తర్వాత ఏర్పడిన నల్లజాతి దళాల్లో చాలావాటికి కేంద్రం పెట్టిన పేరు, సంఖ్య ఉంటాయి. 54వ రెజిమెంటు మాత్రం చివరిదాకా రాష్ట్రం పేరుతోనే నడిచింది. అందుకే దాని కాగితాలు రెండు చోట్ల ఉంటాయి: నియామకాలు, గవర్నర్ ఉత్తరాలు మసాచుసెట్స్‌లో, హాజరు పట్టీలు, పింఛను దస్త్రాలు వాషింగ్టన్ జాతీయ అభిలేఖాగారంలో. ఒక చోట చూసి పని అయిపోయిందనుకోకు.

పేరులో మసాచుసెట్స్ ఉంది కదా అని అందరూ అక్కడివారే అనుకోవద్దు. అక్కడివారికంటే పెన్సిల్వేనియా నుంచి వచ్చినవారే ఎక్కువ. న్యూయార్క్, ఒహాయో నుంచీ వచ్చారు. రెడ్‌విల్‌లోని మీగ్స్ శిబిరంలో శిక్షణ పొంది, 1863 మే 28న బోస్టన్ వీధుల్లో కవాతు చేసి ఓడ ఎక్కారు. కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా తెల్లవాడు. మొదట్లో అధికారులంతా తెల్లవారే. బానిసత్వం నుంచి తప్పించుకుని, దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కుమారులు లూయిస్, చార్లెస్ ఇద్దరూ ఇందులో చేరారు.

రాయడం మొదలుపెట్టే ముందు తేదీల పట్టిక ఒకటి తయారుచేసుకో. ఏ రోజున ఏ ఊళ్లో ఉన్నారు, ఎవరి ఆజ్ఞల కింద ఉన్నారు, ఇంతే రాసుకో. 1863 జూన్ 11న జార్జియాలోని డేరియన్ పట్టణ దహనం, జూలై 16న జేమ్స్ దీవిలో మొదటి పోరు, 18న వాగ్నర్, 1864 ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలో ఒలస్టీ, నవంబర్ 30న హనీ హిల్, 1865 ఏప్రిల్ 18న బోయ్‌కిన్స్ మిల్, ఆగస్టు 20న దళం రద్దు. వీటి మధ్య ఖాళీలు ఎంత పెద్దవో చూడు. సైనికుడి జీవితం ఎక్కువగా ఆ ఖాళీల్లోనే గడిచింది. కందకాలు తవ్వడం, ఫిరంగులు లాగడం, ఇసుకలో కాపలా కాయడం, జ్వరాలు, విరేచనాలు. 1863 ఆగస్టులో వాగ్నర్ ముట్టడి కోసం మోరిస్ దీవిలో రాత్రింబవళ్లు తవ్వినవారిలో వీరూ ఉన్నారు. సెప్టెంబర్ 7 తెల్లవారేసరికి శత్రువు ఆ కోట ఖాళీ చేసి వెళ్లిపోయాడు. దాడితో దక్కనిది తవ్వకంతో దక్కింది. ఈ సంగతి తప్పక రాయి.

డేరియన్ సంగతి దాటవేయకు. ఎదిరించేవారే లేని పట్టణాన్ని కర్నల్ మాంట్‌గోమరీ ఆజ్ఞతో దోచి తగలబెట్టారు. ఆ పనిలో 54వ రెజిమెంటు వారు కూడా ఉన్నారు. షాకు అది ఎంత అసహ్యం కలిగించిందో అతని ఉత్తరాల్లో ఉంది. అభిమానించే దళం గురించి రాసేటప్పుడు ఇలాంటి పుటను తిప్పేయాలనిపిస్తుంది. తిప్పేస్తే మిగతా పుటలను కూడా పాఠకుడు నమ్మడు.

ఇక హాజరు పట్టీలు. రెజిమెంటులో పది కంపెనీలు, ఏ నుంచి కె వరకు. జె కంపెనీ ఉండదు, వెతికి కాలం వృథా చేసుకోకు. రెండు నెలలకోసారి ప్రతి కంపెనీకి పట్టీ రాసేవారు: ఉన్నాడు, లేడు, ఆసుపత్రిలో, వంట పనిలో, మరణించాడు. యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు, పింఛను దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, ప్రభుత్వ గుమాస్తాలు ఈ పట్టీల నుంచి మనిషికో కార్డుల కట్ట తయారుచేశారు. నీకు ముందుగా దొరికేవి ఆ కార్డులే. అవి నకళ్లని గుర్తుంచుకో. ఒక పేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. సంతకం బదులు అడ్డగీతల గుర్తు పెట్టినవారి పేరును గుమాస్తా తన చెవికి విన్నట్టు రాసుకున్నాడు. వయసు కూడా ఉజ్జాయింపే. ప్రతి సైనికుడికీ ఒక కాగితం కేటాయించి, దొరికిన రూపాలన్నీ దాని మీద రాసుకో. ఏది సరైనదో ఆఖరున తేల్చుకోవచ్చు.

ఆ కార్డుల్లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: 1861 ఏప్రిల్ 19 నాటికి ఇతను స్వతంత్రుడు. అక్కడ తప్పకుండా ఆగు. జీతం కథ అంతా ఆ వాక్యంలో ఉంది.

చేర్చుకునేటప్పుడు మిగతా సైనికులతో సమానంగా నెలకు 13 డాలర్లు ఇస్తామన్నారు. తీరా 10 డాలర్లే అన్నారు, అందులోనూ బట్టలకు 3 పట్టుకుంటామన్నారు. మిగిలేది ఏడు. రెజిమెంటు ఒప్పుకోలేదు. తేడా డబ్బు తామే ఇస్తామని మసాచుసెట్స్ శాసనసభ ముందుకొచ్చింది. దానికీ ఒప్పుకోలేదు. వారు అడిగింది మూడు డాలర్లను కాదు, కేంద్రం తమను సైనికులుగా గుర్తించడాన్ని. ఇళ్లలో భార్యాబిడ్డలు పస్తులున్నారు, అప్పుల పాలయ్యారు, ఆ ఉత్తరాలు శిబిరానికి వస్తూనే ఉన్నాయి. జీతం రోజు వచ్చిన ప్రతిసారీ వద్దన్నారు. ఇదే కారణంతో ఆయుధాలు కింద పెట్టించాడని సౌత్ కరొలైనా 3వ నల్లజాతి రెజిమెంటుకు చెందిన సార్జెంట్ విలియం వాకర్‌ను 1864 ఫిబ్రవరి 29న కాల్చి చంపారు. అంటే 54వ రెజిమెంటు నిరాకరణ ఎంత సన్నని గట్టు మీద నడిచిందో ఆలోచించు. జీతం ముట్టలేదు, పని మానలేదు. ఒలస్టీలో కాల్పుల మధ్యకు వెళ్తూ వారు చేసిన నినాదం ‘మసాచుసెట్స్‌కు, నెలకు ఏడు డాలర్లకు జై’ అని. ఆ ఓటమి తర్వాత గాయపడినవారితో నిండిన రైలు ఇంజిను చెడిపోతే, వెనక్కి వెళ్లి, తాళ్లు కట్టి, ఆ పెట్టెలను మైళ్ల దూరం చేతులతో లాగింది కూడా వీరే. అప్పటికి ఒక్క నెల జీతమూ అందలేదు.

1864 జూన్‌లో కాంగ్రెస్ సమాన జీతం మంజూరు చేసింది, కానీ చేరిన రోజు నుంచి లెక్కగట్టే బకాయి 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులైనవారికే అంది. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చినవారు ప్రమాణం ఎలా చేస్తారు? వాగ్నర్‌లో షా చనిపోయాక రెజిమెంటు అధిపతి అయిన కర్నల్ ఎడ్వర్డ్ హాలోవెల్, బానిసత్వాన్ని వ్యతిరేకించిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ తేదీ నాటికి నువ్వు ఎవరికీ కూలిలేని శ్రమ బాకీ లేవు అని ప్రమాణం చేయించాడు. బానిసగా పుట్టినవాడు కూడా నిండు మనసుతో చేయగల ప్రమాణం అది. సెప్టెంబర్ చివర్లో జీతాలు ముట్టాయి. మొత్తం 54వ రెజిమెంటుకు సుమారు 1,70,000 డాలర్లు. ఈ అంకెలను నేటి రూపాయల్లోకి మార్చకు. పక్కనే తెల్ల సైనికుడి 13 డాలర్లు పెట్టు, చాలు.

ఈ కథ చెప్పడానికి నీకు ఒక మనిషి ఉన్నాడు. కార్పొరల్ జేమ్స్ హెన్రీ గూడింగ్. తిమింగలాల వేట ఓడల్లో పనిచేసి వచ్చినవాడు. రెజిమెంటు నుంచి న్యూ బెడ్‌ఫర్డ్ పత్రికకు వారం వారం ఉత్తరాలు రాసేవాడు. 1863 సెప్టెంబర్ 28న నేరుగా అధ్యక్షుడు లింకన్‌కే రాశాడు: మేము సైనికులమా, కూలీలమా? ఒలస్టీలో పట్టుబడి, 1864 జూలైలో దక్షిణాదివారి ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల చెరలో మరణించాడు. జీతం చేతికందడానికి రెండు నెలల ముందు. తన గురించి రాయించిన కాగితాల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో పుట్టానన్నాడు. నార్త్ కరొలైనాలో బానిసగా పుట్టి, చిన్నతనంలో విడుదలైనవాడని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అలాంటివాడికి అబద్ధం చెప్పవలసిన అవసరం ఎందుకు వచ్చిందో నీ పుస్తకం చదివినవారికి అర్థం కావాలి.

పింఛను దస్త్రాలకు ఎక్కువ సమయం కేటాయించు. భర్త చనిపోయాడని, తమ పెళ్లి నిజమేనని రుజువు చేసుకోవడానికి భార్య ఇరుగుపొరుగు చేత, భర్త తోటి సైనికుల చేత వాంగ్మూలాలు ఇప్పించాలి. బానిసల పెళ్లిళ్లకు చట్టంలో కాగితమే ఉండేది కాదు, అందుకని ఎవరు ఎక్కడ పుట్టారు, ఎప్పుడు కలిసి ఉన్నారు, ఏ బిడ్డ ఎప్పుడు పుట్టింది, అంతా నోటిమాటగా ఆ కాగితాల్లోకి ఎక్కింది. ఇలాంటి సమాచారం ఏ సేనాధిపతి నివేదికలోనూ దొరకదు.

వాగ్నర్ గురించి రెండు జాగ్రత్తలు. మొదటిది అంకెలు. సుమారు 600 మంది దాడికి వెళ్తే దాదాపు 270 మంది చనిపోవడమో గాయపడటమో పట్టుబడటమో జరిగింది. దాడి జరిగిన వెంటనే రాసిన నివేదికలో గల్లంతైనవారని రాసినవారిలో కొందరు అప్పటికే షాతో పాటు ఒకే ఇసుక గోతిలో ఉన్నారు, కొందరు చార్లెస్టన్ జైలులో ఉన్నారు. ఏ అంకె ఏ తేదీ నివేదికలోదో చెప్పకుండా ఒక్కటీ వాడకు. రెండోది సార్జెంట్ విలియం కార్నీ. గాయాలతోనే జెండాను వెనక్కి తెచ్చినవాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్న మొదటి నల్లజాతి సైనికుడని చాలాచోట్ల రాస్తారు. ఆ సాహసం 1863 నాటిది, పతకం వచ్చింది 1900 మే నెలలో. ఈ మధ్యకాలంలో ఇతర నల్లజాతివారు దాన్ని అందుకున్నారు. ముప్పై ఏడేళ్ల ఆలస్యాన్నే రాయి, అది నిజం కూడా.

సార్జెంట్ స్టీఫెన్ స్వెయిల్స్‌కు కూడా చోటివ్వు. 1864 మార్చిలో గవర్నర్ ఇతన్ని అధికారిగా నియమించాడు. నల్లవాడన్న కారణంతో యుద్ధ శాఖ 1865 జనవరి దాకా ఒప్పుకోలేదు. స్వచ్ఛంద రెజిమెంటులో రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య నలిగిన మనిషిని చూపించడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

బోస్టన్ కామన్ అంచున, శాసనసభ భవనానికి ఎదురుగా ఉన్న షా, 54వ రెజిమెంటు స్మారకం దగ్గరికి వెళ్లు. దాని వెనుక వైపుకు కూడా వెళ్లు. 1897లో ఆవిష్కరించినప్పుడు చనిపోయిన తెల్ల అధికారుల పేర్లే చెక్కారు. నల్లజాతి సైనికుల పేర్లు 1982లో చేరాయి. నీ పుస్తకం చివర పేర్ల జాబితా పెడతావు కదా, కంపెనీల వారీగా పెట్టు, హోదాల వారీగా వద్దు.

పింఛను దస్త్రాల నకళ్లు రావడానికి సమయం పడుతుంది. ఈ వారమే దరఖాస్తు పెట్టు. వెయ్యి మందికీ ఒకేసారి అడగకుండా సి కంపెనీతో మొదలుపెట్టు. గూడింగ్, కార్నీ ఇద్దరూ ఆ కంపెనీవారే. అందులో చాలామంది న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి కలిసి చేరినవారు కనుక ఒకరి దస్త్రంలో మరొకరు సాక్షులుగా కనిపిస్తారు. మొదటి కట్ట రాగానే నాకు చెప్పు. ఆ పాత చేతిరాత చదవడంలో ఇబ్బంది ఉంటే ఫోను చేయి, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న